కారుకి వ్యాక్స్ ఎన్ని పూతలు వేశారని కాదు, ఏది కింద ఏది పైన అని అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మీ పేపర్లో ఆమధ్య కారు మెయింటెనెన్స్ మీద వచ్చిన రైటప్ చదివాను. నీడలో కడగాలి, టైర్లకి వేరే గుడ్డ వాడాలి అన్నవన్నీ బాగా రాశారు, వాటితో నాకు ఏ పేచీ లేదు. కానీ వ్యాక్స్, అంటే పెయింట్ మీద మెరుపు కోసం రాసే మైనం, దాని దగ్గరికి వచ్చేసరికి మూడు నాలుగు కోట్లు, అంటే పూతలు, ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోతే మెరుపూ పెరుగుతుంది మన్నికా పెరుగుతుంది, ఏ రకం అయినా పర్లేదు అన్నట్టు రాశారు, అది మాత్రం సరిచెయ్యాలండి. నేను విశాఖ ఆటోనగర్ లో చాలా ఏళ్లుగా కార్ల పెయింటింగ్ పని చేస్తున్నాను, పైన ఏ వ్యాక్స్ రాశారో చెప్పకుండా మా దగ్గరికి వచ్చే కార్లతో ఏం అవుతుందో రోజూ చూసేవాడిని కాబట్టి రాస్తున్నాను, కాస్త పొడుగు అయినా వేస్తారని ఆశ.

ముందు ఆ పొర మందం ఎంతో చెప్పాలి, అది తెలిస్తే సగం అపోహ పోతుంది. ఇప్పటి కార్లకి కంపెనీ నుంచి వచ్చే పెయింట్ అంతా కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. అందులో పైన ఉండే క్లియర్ కోట్ అనే రంగులేని పొర 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. దాని మీద మనం రాసే వ్యాక్స్ తుడిచేశాక మిగిలేది ఒక్క మైక్రాన్ లోపే. మా దగ్గర పెయింట్ మందం చూసే గేజ్ ఉంటుంది, వ్యాక్స్ రాయకముందు పెట్టి చూసినా రాశాక పెట్టి చూసినా అదే నంబరు చూపిస్తుంది. కాబట్టి పది కోట్లు వేస్తే పది రెట్లు మందంగా కవచం తయారవుతుంది అనుకోవడం ఉత్తమాట. మనం గట్టిగా తుడిచినప్పుడు పెయింట్ కి పట్టుకున్నది మిగులుతుంది, పట్టుకోనిదంతా గుడ్డకి వచ్చేస్తుంది, అంతే.

ఇంకో సంగతి కూడా ఉంది. డబ్బాలో వచ్చే పేస్టు వ్యాక్స్ మెత్తగా ఉండడానికి అందులో సాల్వెంట్ కలుపుతారు, పెట్రోలు జాతి పదార్థమే అది. ఈ వ్యాక్సుల్లో వాడే కర్నూబా అనే మైనం బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో, సియరా, పియావీ అటువైపు పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద నుంచి వస్తుంది, అక్కడి ఎండకి ఆకులో తడి ఆరిపోకుండా చెట్టే దాన్ని తయారు చేసుకుంటుంది. ఆకులు కోసి ఎండబెట్టి దులిపితే పొడి రాలుతుంది, దాన్ని కరిగించి గడ్డలు కడతారు. ఆ గడ్డలో గోరు కూడా దిగదు, 82 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అంత గట్టిదాన్ని కారుకి రుద్దలేం కాబట్టి నూనెలు, తేనె మైనం, సాల్వెంట్ కలిపి మెత్తగా చేస్తారు, అందుకని డబ్బా మీద ప్యూర్ కర్నూబా అని రాసినా లోపల ఉన్నదంతా కర్నూబా కాదు. ఇప్పుడు అదే వ్యాక్స్ రెండోసారి రాస్తే ఆ రెండో కోటులో ఉన్న సాల్వెంట్ మొదటి కోటుని కొంత కరిగిస్తుంది, రెండూ కలిసిపోయి మళ్లీ ఒకే పొర అవుతుంది. రెండో కోటు అసలు పనికిరాదు అనడం లేదు నేను, మొదటిసారి చెయ్యి తగలని చోట్లు, డోర్ అంచులు, బంపర్ మూలలు, రూఫ్ మధ్యలో అందని భాగం, అవన్నీ రెండో కోటుకి కవర్ అవుతాయి. అంతవరకే దాని పని. మూడోది నాలుగోది కొంటే డబ్బు దండగ, మీ భుజం నొప్పి అదనం.

మరి మన్నికా కావాలి మెరుపూ కావాలి అంటే ఏం చెయ్యాలి అంటే, ఒకటే వ్యాక్స్ నాలుగుసార్లు కాదు, రెండు వేరే వేరే రకాలు సరైన వరసలో. కింద సింథటిక్ సీలెంట్, పైన కర్నూబా. ఈ వరస మారకూడదు.

సీలెంట్ అంటే ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్, సిలికాన్ జాతి పదార్థాలు, అవి పెయింట్ ని పట్టుకుని ఆరాక గట్టిపడతాయి. ఎండకి, షాంపూకి, వానకి కర్నూబా కంటే బాగా తట్టుకుంటాయి. డబ్బా మీద ఆర్నెల్లు అని ఉంటుంది, బయటే పార్కింగ్ చేసే కారుకి మన ఎండల్లో నాలుగైదు నెలలు వస్తే బాగా వచ్చినట్టే. కర్నూబా అయితే నెల, నెలన్నర, షెడ్డులో ఉండే కారుకి రెండు నెలలు. కానీ కర్నూబాలో నూనెలు ఉండడం వల్ల ముదురు రంగు మీద, నలుపు, నేవీ బ్లూ, మెరూన్ మీద, రంగు లోతుగా తడిగా కనిపిస్తుంది, ఉత్త సీలెంట్ మీద ఆ కళ రాదు, కొంచెం పొడిగా తెల్లగా మెరుస్తుంది. అందుకే మన్నిక కోసం ఒకటి, అందం కోసం ఒకటి.

వరస ఎందుకు తిరగేయకూడదు అంటే సీలెంట్ కి నేరుగా పెయింట్ తగలాలి. ముందే కర్నూబా రాసి ఉంటే అందులోని నూనె అడ్డం పడుతుంది, నూనె రాసుకున్న చేతికి బ్యాండేజీ అంటించినట్టే, అప్పటికి అంటినట్టు ఉంటుంది గానీ నీళ్లు తగలగానే ఊడిపోతుంది. జనం వెయ్యి రూపాయల సీలెంట్ కొని, కిందటి నెల వ్యాక్స్ రాసిన కారు మీద అలాగే రాసేసి, ఈ కంపెనీ మంచిది కాదండి రెండు వానలకే పోయింది అంటారు. ఆ కంపెనీ తప్పేం లేదు అందులో.

ఇంకోటి ఓపిక. సీలెంట్ రాసి తుడిచేశాక వెంటనే కర్నూబా రాయకూడదు, అది ఇంకా గట్టిపడలేదు, కర్నూబాలో సాల్వెంట్ దాన్ని లేపేస్తుంది. పన్నెండు గంటలు అన్నా ఆగాలి, ఒక రోజు ఆగితే ఇంకా మంచిది, ఈలోపు కారు తడవకూడదు, మంచు కూడా పడకూడదు, అంటే షెడ్డు లేనివాళ్లు తెలిసినవాళ్ల షెడ్డులో ఒక రాత్రి పెట్టుకోవాలి. ఒకే పూటలో సీలెంటూ వ్యాక్సూ రెండూ చేసి సాయంత్రానికి కారు ఇచ్చేస్తాం అనే షాపు వాళ్లని నేను నమ్మను. మన వైజాగ్ గాలిలో తడి ఎక్కువ, జులై ఆగస్టుల్లో అయితే వ్యాక్స్ పొగమంచు పట్టినట్టు తెల్లగా ఆరడానికే చాలాసేపు తీసుకుంటుంది, అప్పుడు వేలితో చిన్న గీత గీసి చూడాలి, గీత శుభ్రంగా వస్తే ఆరినట్టు, మసకగా అలికినట్టు వస్తే ఇంకా ఆరలేదు, ఆగాలి. ఏ పొర అయినా సరే పల్చగా రాయాలి, ఎంత పల్చగా అంటే రాసిన చోటు పక్కనుంచి చూస్తేనే కనపడాలి. చెంచాడు తీసి పూస్తే మన్నిక పెరగదు, తుడవడం కష్టమై గీతలు పడతాయి, నల్ల ప్లాస్టిక్ బీడింగుల్లోకి దూరి తెల్లగా గట్టిపడి నెలల తరబడి వదలదు.

అయితే ఈ రెండు పొరల కంటే ముందు చేసే పని మీదే సగానికి పైగా ఫలితం ఉందండి, మీ రైటప్ లో దాని గురించి ఒక్క ముక్క కూడా లేదు. కడగ్గానే కారు శుభ్రం అయిపోదు. కడిగి ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమిరి చూడండి, చాలా కార్లకి గరగరలాడుతుంది. రైల్వే లైను పక్కన ఉండేవాళ్ల కార్లకి, ఫ్యాక్టరీల దగ్గర పార్కింగ్ చేసే కార్లకి ఇంకా ఎక్కువ. అది ఇనుప రజను, బ్రేకుల నుంచి పట్టాల నుంచి లేచి పెయింట్ లోకి గుచ్చుకుని అక్కడే తుప్పు పడుతుంది, తెల్ల కారు మీద చిన్న చిన్న నారింజ చుక్కలుగా కనపడేవి అవే. దానికి ఐరన్ రిమూవర్ అని దొరుకుతుంది, కొట్టగానే ఇనుము ఉన్నచోట ఊదా రంగులోకి మారి కారుతుంది, కడిగేసి తర్వాత క్లే బార్, అంటే మురికిని లాగే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద, దాంతో నీళ్లు చల్లుకుంటూ మెల్లగా రుద్దాలి. క్లే కింద పడితే మళ్లీ వాడకూడదు, అందులో ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా కారంతా గీరేస్తుంది. మన బీచ్ రోడ్డు వైపు ఇళ్లవాళ్లకి ఉప్పుగాలి ఇంకో బాధ, పొద్దున్నే కారు మీద చెయ్యి పెడితే జిగటగా ఉంటుంది, ఆ ఉప్పు మీద వ్యాక్స్ రాస్తే ఉప్పుని లోపల పెట్టి మూసినట్టే అవుతుంది.

తర్వాత గీతలు. అపార్టుమెంట్లలో నెలకి ఇంత అని ఇచ్చి పొద్దున్నే కార్లు తుడిపించుకుంటాం, ఒక బకెట్ నీళ్లు ఒక గుడ్డ, దాంతో సెల్లార్లో ఉన్న కార్లన్నీ అయిపోతాయి. పాపం తుడిచేవాళ్లది తప్పు కాదు, వాళ్లకి ఇచ్చే నీళ్లు అంతే, టైము అంతే. కానీ దుమ్ము మీద తడిగుడ్డ తిప్పితే గుండ్రంగా సన్న గీతలు పడతాయి, ఎండలో చూస్తే సాలెగూడు మాదిరి కనపడేవి అవే, వాటివల్లే కారు మసకబారుతుంది. కర్నూబా వాటిని కొంత నింపి కనపడకుండా చేస్తుంది, నెల తర్వాత వ్యాక్స్ పోగానే అవన్నీ మళ్లీ బయటికి వస్తాయి. నిజంగా మెరుపు కావాలంటే ముందు పాలిషింగ్ చేసి గీతలు తీయాలి. అలాగని ఏటా బఫింగ్ మిషన్ తో రబ్బింగ్ చేయించకండి, ప్రతిసారీ క్లియర్ కోట్ కొంచెం అరుగుతుంది, ఒకసారి అరిగింది మళ్లీ పుట్టదు, ఎండని ఆపే మందు ఉండేది ఆ క్లియర్ లోనే. ఒక్కసారి బాగా చేయించి, దాన్ని సీలెంట్ తో కాపాడుకుని, కడిగే పద్ధతి మార్చుకుంటే మళ్లీ మిషన్ పెట్టే అవసరం చాలా ఏళ్లు రాదు. తుడిచే అబ్బాయికి రెండు మంచి మైక్రోఫైబర్ గుడ్డలు, ఇంకో బకెట్ కొనిస్తే చాలు, ముందు నీళ్లు పోసి దుమ్ము జారనిచ్చి తర్వాత తుడవమంటే వాళ్లూ చేస్తారు, నేను చూశాను.

పాలిషింగ్ అయ్యాక కారు మీద పాలిష్ నూనె మిగులుతుంది, అది తీయకుండా సీలెంట్ రాస్తే ముందు చెప్పిన గొడవే మళ్లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లో సగానికి సగం నీళ్లు కలిపి మైక్రోఫైబర్ గుడ్డతో ఒకసారి తుడిస్తే సరిపోతుంది. కరోనా అప్పుడు కొన్న శానిటైజర్ ఇంట్లో మిగిలింది కదా అని అది వాడకండి, అందులో గ్లిజరిన్ ఉంటుంది, జిడ్డు మిగులుతుంది. థిన్నర్ అసలు ముట్టుకోవద్దు, పెయింట్ మెత్తబడుతుంది. కిరసనాయిలు, డీజిల్ తో తుడిస్తే తళతళలాడుతుంది అని ఇప్పటికీ కొంతమంది డ్రైవర్లు చేస్తుంటారు, ఆ మెరుపు తడి ఉన్నంతసేపే, పైన కష్టపడి రాసిన వ్యాక్స్ మాత్రం దాంతోపాటే పోతుంది, పైగా ఆ జిడ్డు మీదే దుమ్మంతా వచ్చి కూర్చుంటుంది. సర్ఫు నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ కూడా అంతే, వ్యాక్స్ ని లాగేస్తాయి. పాత వ్యాక్స్ కొంత వదిలించి కొత్తగా మొదలెట్టాలి అనుకున్నరోజు మాత్రం ఒకసారి వాడుకోవచ్చు, వారం వారం మాత్రం కార్ షాంపూనే.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి చెప్పాలి. అంబాసిడర్లు, పద్మినీ కార్లు ఉన్నరోజుల్లో పెయింట్ మీద క్లియర్ కోట్ ఉండేది కాదు, పాలిష్ రుద్దితే గుడ్డకి కారు రంగు వచ్చేది, పైన ఎండకి మాసిన రంగు పోయి కింద కొత్త రంగు తేలేది, అందుకే ఎంత రుద్దితే అంత మెరుపు అనే మాట ఆ రోజుల్లో నిజమే. మా గురువుగారు నాకు అలాగే నేర్పారు, ఆ కార్లకి అదే కరెక్టు కూడా. అంబాసిడర్ తయారీ 2014 లో ఆగిపోయింది, పద్మినీ అంతకు ముందే పోయింది, ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగేవి దాదాపు అన్నీ క్లియర్ కోట్ కార్లు. రంగు కింద ఉంది, మనం ముట్టుకునేది పైన ఉన్న రంగులేని పొరని. దీన్ని రుద్దుతూ పోకూడదు, దాచుకోవాలి.

ఇప్పుడు కొనేటప్పుడు డబ్బా మీద ఏం చూడాలో చెప్తాను, ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటున్నారు. క్లీనర్ వ్యాక్స్, ఆల్ ఇన్ వన్, పాలిష్ అండ్ వ్యాక్స్ అని రాసి ఉంటే అందులో మురికిని కోసే మందు, కొన్నిట్లో సన్నటి రాపిడి పొడి కూడా ఉంటుంది. పాత కారుకి ఒక్క పూటలో కళ తేవాలంటే మంచివే. కానీ వాటిని సీలెంట్ మీద పై పొరగా రాశారంటే కింద వేసిన సీలెంట్ ని మీరే చేత్తో గీకేసినట్టు. పైన వేసేది ఉత్త కర్నూబా వ్యాక్స్ అయి ఉండాలి, క్లీనర్ అన్న మాట దాని మీద ఉండకూడదు. అంత ఓపిక లేనివాళ్లకి రెండూ కలిపి చేసిన వ్యాక్సులు ఉన్నాయి, కర్నూబాలో పాలిమర్ కలుపుతారు. అమెరికాలో 1936 నుంచి ఉన్న కోలినైట్ కంపెనీ 845 అనే రకానికి ఇన్సులేటర్ వ్యాక్స్ అనే పేరు, కరెంటు లైన్ల ఇన్సులేటర్లకి రాయడానికి చేసినది కాబట్టి ఆ పేరు వచ్చింది, తర్వాత కార్లవాళ్లు పట్టుకున్నారు. ఇలాంటి వాటిల్లో మన్నిక సీలెంట్ కి దగ్గరగా, కళ కర్నూబాకి దగ్గరగా వస్తుంది, ఒక్క డబ్బాతో సరిపెట్టుకోవాలి అనుకునేవాళ్లకి నేను ఇలాంటివే చెప్తాను. టర్టిల్ వ్యాక్స్, మెగ్వయర్స్, త్రీఎమ్ లాంటివి మన ఊళ్లో కూడా దొరుకుతున్నాయి, ఏదైనా పర్లేదు, పేరు కంటే అది ఏ రకమో ముఖ్యం, ఒక్కో కంపెనీయే సీలెంటూ కర్నూబా క్లీనర్ వ్యాక్సూ మూడూ అమ్ముతుంది, డబ్బాలు చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి.

తెల్ల కారు వాళ్లకి ఒక మాట. మన దగ్గర అమ్ముడుపోయే కార్లలో తెలుపే ఎక్కువ. తెలుపు, సిల్వర్ మీద కర్నూబా కళ దాదాపు కనపడదు, పక్కపక్కన పెట్టి చూపించినా మా షాపు కుర్రాళ్లే తేడా చెప్పలేరు. తెల్ల కారుకి బాగా శుభ్రం చేసి సీలెంట్ రెండు కోట్లు, మధ్యలో గ్యాప్ ఇచ్చి వేసుకోండి, అక్కడితో ఆపేయండి. కర్నూబా డబ్బులతో ఐరన్ రిమూవర్ కొనుక్కోండి, తెల్ల కారుకి అది ఎక్కువ పనికొస్తుంది. ఎరుపు, నలుపు, బ్లూ వాళ్లు మాత్రం పైన కర్నూబా వేసుకుంటే నిజంగా సంతోషపడతారు.

ఎప్పుడు వేసుకోవాలి అని అడుగుతారు కాబట్టి చెప్తున్నా, మన కోస్తా వైపు అయితే ఏడాదికి రెండుసార్లు సీలెంట్, వానలు మొదలయ్యే ముందు మే చివర్లో ఒకసారి, తుఫాన్ల సీజన్ అయిపోయాక డిసెంబర్లో ఒకసారి. మేలో చేసేవాళ్లు తెల్లవారుజామునే నీడలో మొదలుపెట్టాలి, ఎండలో నిలబెట్టిన నల్ల కారు బానెట్ మీద చెయ్యి పెట్టలేం, అలాంటి రేకు మీద ఏది రాసినా మాడిపోయి చారలు పడుతుంది. కర్నూబా మధ్యమధ్యలో పండగలకి వేసుకోవచ్చు, దసరాకి, సంక్రాంతికి. దసరా ఆయుధపూజకి, కొత్త కారు కొన్నప్పుడు సంపత్ వినాయగర్ గుడి దగ్గర పూజకి బానెట్ మీద పసుపు కుంకుమ గంధం పెడతాం కదా, వ్యాక్స్ ఉన్న కారు మీద నుంచి అవి సాయంత్రం నీళ్లు పోస్తే పోతాయి, వ్యాక్స్ లేని తెల్ల కారు మీద పసుపు మరక మిగిలిపోతుంది. కొబ్బరినీళ్లు, నిమ్మరసం పడినా అదేరోజు కడిగెయ్యాలి. పక్షి రెట్ట అయితే సాయంత్రం దాకా కూడా ఆగకూడదు, ఎండలో కొన్ని గంటల్లోనే క్లియర్ కోట్ మీద గుర్తు వేసేస్తుంది, ఎన్ని పొరలు ఉన్నా అది కొంచెం టైము ఇస్తుంది గానీ పూర్తిగా ఆపదు. తడిగుడ్డ కాసేపు దాని మీద వేసి నాననిచ్చి ఎత్తెయ్యాలి, రుద్దకూడదు.

బోరు నీళ్ల సంగతి కూడా చెప్పాలి. వ్యాక్స్ బాగుంటే నీళ్లు ముత్యాల్లా నిలబడతాయి, చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలు తీసి స్టేటస్ లు పెడుతుంటారు. కానీ ఉప్పు, సున్నం ఎక్కువ ఉన్న బోరు నీళ్లతో కడిగి అలాగే ఎండకి వదిలేస్తే ఆ చుక్క ఎక్కడ నిలబడిందో అక్కడే తెల్లటి రింగు మిగులుతుంది, ఆ రింగు ముదిరితే వ్యాక్స్ దాటి క్లియర్ లోకి వెళ్తుంది. హైదరాబాద్ లో ట్యాంకర్ నీళ్లు బోరు నీళ్లు వాడే అపార్టుమెంట్ల నుంచి మా ఊరు వచ్చే కార్లకి ఇది మరీ ఎక్కువ. కాబట్టి వ్యాక్స్ వేసిన కారుని ఆరబెట్టడం ఇంకా ముఖ్యం, కడగ్గానే తుడిచెయ్యాలి. వ్యాక్స్ ఉందా పోయిందా అని చూడ్డానికి కూడా ఈ నీళ్లే కొలత, ముందు బానెట్ మీద చూడండి, కింద ఇంజన్ వేడి పైన ఎండ రెండూ పడతాయి కాబట్టి అక్కడే ముందు పోతుంది. నీళ్లు చుక్కలు కట్టకుండా చాపలా పరుచుకుంటుంటే వెంటనే పోయింది అనుకోకండి, మురికి పట్టినా అలాగే ఉంటుంది, ఒకసారి షాంపూతో కడిగి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే అయితే కారంతా చెయ్యక్కర్లేదు, బానెట్, రూఫ్ వరకు మళ్లీ వేసుకుంటే చాలు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. యాక్సిడెంట్ అయ్యో గీత పడో కారు మా దగ్గరికి పెయింటింగ్ కి వస్తుంది. దాని మీద ఎక్కడో డిటైలింగ్ షాపులో, అంటే కార్లకి పాలిష్, వ్యాక్స్ లాంటివి చేసే షాపులో, ఏవేవో పొరలు వేసి ఉంటారు. ఓనరుని అడిగితే ఏమోనండి ఏడు లేయర్లు అన్నారు, పేరు తెలీదు అంటారు. బిల్లు చూస్తే ప్రీమియం ప్యాకేజీ అని ఒకటే లైను ఉంటుంది. వీటిల్లో చాలావాటిల్లో సిలికాన్ ఉంటుంది, అది పూర్తిగా తీయకుండా మేము పెయింట్ కొడితే చేపకళ్లు వస్తాయి, మా పనిలో ఫిష్ ఐ అంటాం, తడి పెయింట్ సిలికాన్ ఉన్నచోట నిలబడక చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. అంతా మళ్లీ ఎమరీ పేపర్ తో రుద్ది, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. రెండు రోజుల పని నాలుగు రోజులవుతుంది, మెటీరియల్ పోతుంది, ఇన్సూరెన్స్ వాళ్లు ఆ అదనపు ఖర్చు ఎందుకు ఇవ్వాలి అంటారు, కస్టమర్ మా మీద కోప్పడతారు. ఏం వేశారో ముందే తెలిస్తే దానికి తగ్గ వ్యాక్స్ అండ్ గ్రీజ్ రిమూవర్ తో రెండుసార్లు ఎక్కువ తుడిచి మొదలెడతాం, ఏ గొడవా ఉండదు. అలాగే ఇటువైపు నుంచి మాదీ ఒక బాధ్యత ఉంది, కొత్తగా పెయింట్ కొట్టిన ప్యానెల్ లోపల నుంచి సాల్వెంట్ ఆవిరి కొన్నాళ్లు బయటికి పోతూనే ఉంటుంది, నెల రెండు నెలల దాకా దాని మీద సీలెంట్ గానీ వ్యాక్స్ గానీ వేసి మూసెయ్యకూడదు. ఈ మాట ప్రతి పెయింటరు కారు ఇచ్చేటప్పుడు చెప్పాలి, మేము కొందరం చెప్తున్నాం, అందరూ చెప్పాలి. కంపెనీ నుంచి వచ్చిన కొత్త కారుకి ఈ బాధ లేదు, అది ఎక్కువ వేడిలో కాల్చిన పెయింట్, మొదటిరోజు నుంచే వేసుకోవచ్చు.

కాబట్టి మీకు నా విన్నపం ఏంటంటే, వచ్చే కార్ల పేజీలో ఆ మూడు నాలుగు కోట్ల మాట సరిచేసి, వరస మాత్రం వెయ్యండి: కడగడం, ఇనుము తీయడం, క్లే, అవసరమైతేనే పాలిష్, నూనె తుడవడం, సీలెంట్, ఒకరోజు గ్యాప్, ముదురు రంగు అయితే కర్నూబా. దాంతోపాటు కారు ఓనర్లకి ఇంకోటి చెప్పండి, షాపులో ఎన్ని లేయర్లు అని అడగొద్దు, ఏ ప్రాడక్టు ఏ తారీఖున వేశారు, దేని మీద ఏది వేశారు అని బిల్లు మీద రాయించుకోమనండి. రాయను అన్నవాళ్ల దగ్గర చేయించుకోవద్దు. ఆ బిల్లు కారు కాగితాలతోపాటు డాష్‌బోర్డులో పెట్టుకుంటే, రేపు కారు మా దగ్గరికి వచ్చినా ఇంకో ఊళ్లో ఇంకో పెయింటర్ దగ్గరికి వెళ్లినా ముందు అదే తీసి చూపించమనండి.

ఇట్లు,
మీ పాఠకుడు, కార్ పెయింటర్,
ఆటోనగర్, విశాఖపట్నం